అల్లుడి షికార్లు, ఆఫీసు విందులు: పాఠకుల ప్రశ్నలు, నా జవాబులు

థాయ్‌లాండ్‌లో సముత్ సఖాన్ అనే ఊళ్ళో రొయ్యల మేత ఫ్యాక్టరీ ల్యాబ్‌లో కొన్నేళ్ళు పనిచేశానని పోయిన నెల ఈ శీర్షికలో ఏదో సందర్భంలో రాశాను. అంతే, ఈ నెల ఉత్తరాలన్నీ అటువైపే. మన తీరంలో ఇంటికొకరు రొయ్యల గుంటల్లోనో, మేత వ్యాపారంలోనో ఉన్నారు, వాళ్ళ పిల్లలేమో బ్యాంకాక్ దాకా పోయారు. ఉత్తరాలు రాకపోతేనే ఆశ్చర్యం. అన్నింటికీ చోటు లేదు. అందరికీ పనికొచ్చేవి ఏరి జవాబులు రాస్తున్నా.

*

అక్కయ్యా, మా అమ్మాయి బ్యాంకాక్‌లో ఉంటుంది. అల్లుడు అమెరికన్, అక్కడే ఒక ఆఫీసులో ఉద్యోగం. మంచివాడే, కాదనను. కానీ నెలలో రెండు మూడు సార్లు ఆఫీసు వాళ్ళతో గుంపుగా ఎక్కడికో పోతాడు. ఫోటోల్లో పదిహేను ఇరవై మంది ఉంటారు, అందులో సగం ఆడపిల్లలు. అందరికీ ఒకే రంగు టీషర్టులు, బల్ల మీద సీసాలు. ‘అది కూడా ఆఫీసు పనేనమ్మా’ అంటుంది అమ్మాయి. షికారు ఆఫీసు పని ఎట్లా అవుతుంది? మా ఆయనకూ నాకూ ఒకటే టెన్షన్. 
— పేరు వద్దన్న ఒక తల్లి, కావలి

తల్లీ, ముందు ఆ టీషర్టుల సంగతి చెప్తా, మీ టెన్షన్ సగం అక్కడే దిగుతుంది. దొంగచాటుగా తిరిగేవాడెవడూ వీపు మీద కంపెనీ పేరు అచ్చేయించుకుని తిరగడు. థాయ్ ఆఫీసుల్లో ఏటా ఒకసారైనా అందరూ కలిసి పోయే టూరు ఉంటుంది. ఆ టూరుకని టీషర్టులు కుట్టిస్తారు. రంగు ఎంచుకోవడానికే వారం రోజులు చర్చ నడుస్తుంది. అది కాక పుట్టినరోజులకు, ఎవరో మానేసి పోతున్నందుకు, ఎవరో కొత్తగా చేరినందుకు సాయంత్రం విందులు. డిసెంబరు చివర్లో న్యూ ఇయర్ పార్టీ. ఆ పార్టీకి తలా ఒక బహుమతి కొనుక్కురావాలి, చీట్లు తీసి పంచుకుంటారు.

ఆడపిల్లలు ఎందుకున్నారంటే ఆఫీసులో ఉన్నారు కాబట్టి ఉన్నారు. మా ల్యాబ్‌లో దాదాపు అందరమూ ఆడవాళ్ళమే. అకౌంట్స్, హెచ్‌ఆర్ కూడా ఆడవాళ్ళ చేతుల్లోనే ఉండేవి. టూరుకు బస్సు మాట్లాడేది, గదులు పంచేది, డబ్బులు వసూలు చేసేది కూడా వాళ్ళే.

మా ఫ్యాక్టరీలోనూ ఒక అమెరికా ఆయన ఉండేవాడు. మేత ఫార్ములా చూసే నిపుణుడు, ఐయోవా నుంచి వచ్చాడు. మొక్కజొన్న, పందులు తప్ప తనకు వేరే ప్రపంచం తెలియదని ఆయనే నవ్వుతూ చెప్పుకునేవాడు. ఒకసారి మమ్మల్నందరినీ చోన్‌బురి దగ్గర బాంగ్ సేన్ బీచికి తీసుకుపోయారు. పొద్దున ఆరుకు బయల్దేరే బస్సులో ఆరుంబావుకే కరోకే మొదలైంది. మైకు సీటు సీటుకూ వస్తుంది. తన దగ్గరికి వచ్చేసరికి ఆయన కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టాడు. వెనక సీట్లో బాయిలర్ సెక్షన్ కుర్రాళ్ళు చప్పట్లు ఆపరే! చివరికి పాత అమెరికన్ పాట ఒకటి రెండు చరణాలు శ్రుతి తప్పి పాడాడు. బస్సంతా ఈలలు. బాగా పాడితే ఆ ఈలలు ఉండేవి కావు.

బీచిలో ఇంకో తమాషా. ఆయన చొక్కా విప్పి ఎండలో పడుకుంటే, మా వాళ్ళంతా పొడుగు చేతుల చొక్కాలు, టోపీలు వేసుకుని అద్దె గొడుగుల కింద కుర్చీలు జరుపుకుంటూ నీడ వెతుక్కుంటున్నారు. థాయ్ వాళ్ళు సముద్రంలోకి దిగినా టీషర్టుతోనే దిగుతారు. మైపాడులో మనవాళ్ళు దిగరూ, అంతే. మీ అల్లుడి ఫోటోల్లో అందరూ నిండా బట్టలతో తడిసి ఉంటే అది అక్కడి పద్ధతి. తిరుగు ప్రయాణంలో బస్సు నాంగ్ మోన్ బజారు దగ్గర ఆగాల్సిందే. వెదురు గొట్టంలో జిగురు బియ్యం, కొబ్బరిపాలు, నల్ల చిక్కుళ్ళు పోసి కాల్చిన ‘ఖావ్ లామ్’ అక్కడ ఫేమస్. టూరుకు రానివాళ్ళకు పంచడానికి తలా ఒక కట్ట కొంటారు. ఎక్కడికి పోయినా ఆఫీసుకు ఏదో ఒకటి తేవాలి, చేతులూపుకుంటూ రాకూడదు.

ఇక సీసాల సంగతి. మీరడగాల్సిన అసలు ప్రశ్న ఇక్కడుంది, మీరేమో ఆడపిల్లల దగ్గర ఆగిపోయారు. అక్కడ బీరులో ఐసు ముక్కలు వేసుకుని తాగుతారు. విస్కీ అయితే సీసా బల్ల మధ్యలో పెట్టి సోడా, ఐసు కలిపి అందరికీ పోస్తారు. చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ గ్లాసు ఖాళీ కానివ్వరు. అందువల్ల ఎంత తాగాడో తాగినవాడికే లెక్క తెలియదు. వద్దంటే బలవంతం చేయరు. మాత్రలు వేసుకుంటున్నా, బండి నడపాలి అంటే చాలు, వదిలేస్తారు. కాబట్టి ఎందుకు పోతున్నాడని కాదు, ఇంటికి ఎట్లా వస్తున్నాడని అడగమనండి మీ అమ్మాయిని. అక్కడ 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే కేసు. మన దగ్గర 30కే కేసు, అది వేరే మాట. గ్రాబ్ టాక్సీ ఫోన్‌లో పిలిస్తే వస్తుంది, సొంత బండి తీయొద్దనండి.

మానేయమని మాత్రం చెప్పించకండి. అమెరికాలో శనివారం ఎవరి శనివారం వాళ్ళది. ఆఫీసు వాళ్ళతో బయటికి పోవడం ఇష్టమైతే పోతారు, లేకపోతే లేదు, ఎవరూ ఏమీ అనుకోరు. బ్యాంకాక్‌లో పోకపోతే ఏమీ అనరు, కానీ అనుకుంటారు. మీ అల్లుడు ఆ తేడా గ్రహించి వారాంతం వదులుకుని పోతున్నాడంటే బుర్ర ఉన్నవాడనే లెక్క. ఏడాది టూరుకు ఇంట్లోవాళ్ళను తీసుకురానిచ్చే కంపెనీలు కూడా ఉన్నాయి. మీ అమ్మాయిని ఒకసారి వెంట పొమ్మనండి. అక్కడి ఆడవాళ్ళు ఆమె వయసు, జీతం, పిల్లలెప్పుడు అన్నీ మొదటి పది నిమిషాల్లో అడిగేస్తారు. అమెరికా వాళ్ళకు ఆ ప్రశ్నలకు చెమటలు పడతాయి గానీ, కావలి పిల్లకు కొత్తేముంది?

*

మేడమ్, నేను బ్యాంకాక్‌లో ఒక సాఫ్ట్‌వేర్ టీమ్‌లో ఉన్నా. మేనేజర్ అమెరికన్, మిగతా అందరూ థాయ్ వాళ్ళు. మీటింగులో ఆయన ఏమడిగినా ‘అంతా ఓకే’ అంటారు, తర్వాత పని ఆగిపోతుంది. ఆయనకు బీపీ పెరుగుతోంది. డిన్నర్లకు పిలిస్తే ‘నాకు ఇంట్లో పనుంది’ అని పోడు. మధ్యలో నేను నలిగిపోతున్నా. 
— ఒక పాఠకుడు, కోవూరు

ఆ డిన్నర్లకు పోకపోవడమే మీ మేనేజరు సమస్య. నా మాట మీద నమ్మకం లేకపోతే మా ఫ్యాక్టరీలో జరిగింది వినండి.

రొయ్య చేప మాదిరి మేతను గుటుక్కున మింగదు. కాళ్ళతో పట్టుకుని కొరుక్కుంటూ నిదానంగా తింటుంది. కాబట్టి మేత గుళిక నీళ్ళలో రెండు గంటలైనా విడిపోకుండా నిలబడాలి. దానికి మిల్లులో పిండిని ఆవిరితో బాగా ఉడికించాలి. మా ల్యాబ్‌లో ప్రతి బ్యాచ్ నుంచి గుప్పెడు గుళికలు గాజు బీకరులో నీళ్ళు పోసి వేసి చూసేవాళ్ళం. కొన్నాళ్ళు నైట్ షిఫ్టు బ్యాచ్‌లు గంట తిరక్కముందే అడుగున బురదయ్యేవి. అమెరికా ఆయన మీటింగులో ఒక్కొక్కరినీ పేరు పెట్టి అడిగాడు. ఆవిరి సరిగ్గా ఉందా? ఉంది. గుళికలు దిగే చిల్లుల అచ్చు, అదే డై, అరిగిందా? లేదు. అందరూ చిరునవ్వుతో ఓకే అన్నారు. ఆయన గోడ మీద చార్టు అంటించాడు. బురద మాత్రం తగ్గలేదు.

ఆ శుక్రవారం ఎవరిదో పుట్టినరోజని అందరం ‘మూ కథ’ తినడానికి పోయాం. బొగ్గుల కుంపటి మీద బోర్లించిన మూకుడులాంటి పళ్ళెం పెడతారు. నడుమ ఉబ్బెత్తు మీద కొవ్వు ముక్క ఒకటి పెట్టి, దాని చుట్టూ పలచటి పంది మాంసం ముక్కలు కాలుస్తారు. అంచు చుట్టూ గాడిలో నీళ్ళు, ఆకుకూరలు, సేమియా. మాంసం రసం కారి ఆ నీళ్ళలోకి దిగి చారవుతుంది. ఒక్కో కుంపటికి నలుగురు. మాంసం తిప్పుతూ ఉండాలి కాబట్టి ఎవరూ ఫోను పట్టుకుని కూర్చోలేరు. మన ఐయోవా ఆయనకు పంది మాంసం అంటే ప్రాణం, అక్కడ మాత్రం మైకు అవసరం లేకుండానే కలిసిపోయాడు. ఆయన పక్కన బాయిలర్ హెల్పర్ కుర్రాడు కూర్చున్నాడు. మీటింగులకు పిలవని స్థాయి ఉద్యోగి. కాలిన ముక్క ఆయన పళ్ళెంలో వేస్తూ, రాత్రిపూట రెండో లైను కూడా నడిపిస్తున్నారని, అప్పుడు ఆవిరి రెండు పక్కలకూ చాలడం లేదని మాటల్లో అనేశాడు. వాళ్ళ సూపర్‌వైజరుకు తెలుసు, కానీ పై ఆయనకు ఇబ్బంది అని చెప్పలేదు. పై ఆయనకూ తెలుసు, విదేశీయుడి ముందు తమ లోటు చెప్పడం ఎందుకని ఊరుకున్నాడు. మొహమాటం మెట్లు మెట్లుగా పైదాకా ఉంది.

నాకు నచ్చింది అమెరికా ఆయన ఆ తర్వాత చేసింది. సోమవారం మీటింగులో ఆ సంగతి ఎత్తలేదు, కుర్రాడి పేరు చెప్పలేదు. రాత్రి పదకొండుకు తినుబండారాల డబ్బా ఒకటి పట్టుకుని బాయిలర్ షెడ్డుకు ‘ఊరికే వచ్చా’ అంటూ పోయాడు. ఆవిరి గేజీ తనే చూశాడు. మేనేజరుతో విడిగా, మిషను గురించి మాట్లాడినట్టు మాట్లాడాడు. రెండు లైన్ల వేళలు మార్చారు, బురద ఆగింది.

మీ మేనేజరుకు ఇదంతా ఉపన్యాసంలా చెప్తే వినడు. వచ్చే డిన్నరుకు మీరే ఆయన్ని కారులో ఎక్కించుకుని పోండి. టీమ్‌లో అందరికన్నా చిన్నవాళ్ళ పక్కన కూర్చోబెట్టండి. ఆఫీసు మాట ఆయన ఎత్తకూడదు, వాళ్ళంతట వాళ్ళు ఎత్తేదాకా ఆగాలి. విన్నది మర్నాడు అందరి ముందూ అడిగాడంటే మాత్రం ఇక ఏ కుంపటి దగ్గరా ఎవరూ నోరు విప్పరు.

బిల్లు సంగతి కూడా ముందే చెవిన వేయండి. పిలిచినవాళ్ళో, హోదాలో పెద్దవాళ్ళో కట్టడం అక్కడ ఆనవాయితీ. మామూలు ఉద్యోగులు తలా ఇంత వేసుకుంటే దాన్ని ‘అమెరికన్ షేర్’ అంటారు. మా ఐయోవా ఆయన కొత్తలో ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీసి, నువ్వు రొయ్యలు తిన్నావు, ఆమె తినలేదు అని మనిషి మనిషికీ లెక్క కడితే ల్యాబ్ పిల్లలు బల్ల కింద ఒకరినొకరు గిల్లుకున్నారు. ప్రతిసారీ మేనేజరే కట్టక్కర్లేదు. పండగ ముందో, బోనస్ వచ్చినప్పుడో ఒక పూట పూర్తిగా కట్టి, మిగతా రోజుల్లో సమానంగా వేసుకుంటే ఎవరికీ బరువుండదు.

బల్ల మీద కవరు కనిపించినా కంగారు పడొద్దు. వర్షాకాల వ్రతం ముగిశాక భిక్షువులకు వస్త్రాలు సమర్పించే ‘కథిన్’ పుణ్యకార్యానికి ఆఫీసంతా కలిసి గుడికి పోతారు. దానికి ముందు అందరికీ కవర్లు పంచుతారు. తోచింది వేసి, పైన పేరు రాసి ఇచ్చేయాలి. అది లంచం కాదు, చందా అంతే.

రాజు గురించి, రాజకుటుంబం గురించి హాస్యాలు మాత్రం తాగిన బల్ల మీద కూడా వద్దు. అక్కడి శిక్షాస్మృతి 112వ సెక్షన్ కింద ఒక్కో నేరానికి 3 నుంచి 15 ఏళ్ళ దాకా జైలు పడుతుంది, విదేశీయులకు మినహాయింపేమీ లేదు. అమెరికా వాళ్ళు తమ అధ్యక్షుణ్ణి ఏమైనా అనగలరు కదా, ఆ అలవాటు నోరు జారేలా చేస్తుంది. మీరు పక్కనుంటే కాలు తొక్కండి.

*

ఆంటీ, నాకు బ్యాంకాక్‌లో ఉద్యోగం వచ్చింది. మేము శాకాహారులం, గుడ్డు కూడా తినం. టీమ్ డిన్నర్లలో ఆకలితో కూర్చోవాలా? 
— ఒక పాఠకురాలు, ఒంగోలు

కూర్చోనక్కర్లేదు, కానీ కూరగాయలే కదా అని నమ్మి తినొద్దు. అక్కడ ఉప్పు బదులు చేపల సాస్ వేస్తారు. కూర ముద్దల్లో చాలావాటిలో రొయ్యల పేస్టు ఉంటుంది. ఆకుకూర వేపుడులో ఆల్చిప్పలతో చేసే ఆయిస్టర్ సాస్ పడుతుంది. పచ్చి బొప్పాయి తురుముతో చేసే ‘సోమ్ తమ్’ చూస్తే నోరూరుతుంది. నిమ్మరసం, తాటిబెల్లం, వేరుశనగలు, మిరపకాయలు అన్నీ రోట్లో వేసి దంచుతారు. ఎండు రొయ్యలు, చేపల సాస్ వద్దంటే వేయరు. కానీ రోలు అదే, ఇందాక పీతలు దంచిన రోలు. పట్టింపు ఎంత ఉందో నీకే తెలియాలి.

పసుపు రంగు మీద ఎర్ర అక్షరాలున్న జెండా కడితే అది ‘జే’ ఆహారం దొరికే చోటు. మాంసం, చేప, గుడ్డు, పాలు ఏవీ ఉండవు, ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. సెప్టెంబరు అక్టోబరుల్లో తొమ్మిది రోజుల శాకాహార పండగ వస్తుంది. ఆ రోజుల్లో వీధి వీధినా ఆ జెండాలే, మీ ఆఫీసులో మాంసం తినేవాళ్ళు కూడా కొందరు నీతోపాటు అదే తింటారు.

టీమ్‌తో పోయేటప్పుడు హోటల్ ఎంచే అమ్మాయికి ఒకరోజు ముందు చెప్పు. లైన్ అని వాట్సాప్ లాంటి యాప్ ఉంటుంది, అందులోని ఆఫీసు గ్రూపులో కాదు, విడిగా చెప్పు. గ్రూపులో చెప్తే నీ కోసమని అందరి తిండీ మార్చేసి, తర్వాత లోపల బాధపడతారు. భోజనం అందరికీ మధ్యలో పెట్టిన గిన్నెల్లోంచే. అందులోని గరిటెతో ఒకసారికి ఒకటి రెండు చెంచాలే వేసుకోవాలి, పళ్ళెం నింపుకోకూడదు. కుడిచేతిలో చెంచా, ఎడమచేతిలో ఫోర్కు, ఫోర్కుతో నెట్టి చెంచాతో తినాలి. మూ కథకు పిలిస్తే ఇంట్లో తినేసి పో. పోవడం మాత్రం మానకు. నువ్వు మాంసం తిప్పకపోయినా గ్లాసుల్లో ఐసు వేస్తూ కూర్చో, ఆ పని చేసేవాళ్ళకు అక్కడ చాలా గిరాకీ.

*

మనవడి ఆఫీసు వాళ్ళు థాయ్‌లాండ్‌లో కాంచనబురి టూరు పెట్టారు. చూడదగ్గదేనా? 
— విశ్రాంత ఉపాధ్యాయుడు, ఒంగోలు

తప్పకుండా పోవాలి మాస్టారూ. ఎరవాన్ జలపాతం ఏడు అంచెలుగా దిగుతుంది, పిల్లలు దానికోసం పోతారు. మీ మనవణ్ణి మాత్రం క్వాయ్ నది మీది రైలు వంతెనతోపాటు యుద్ధ ఖైదీల స్మశానం కూడా చూడమనండి. రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ సైన్యం బర్మాకు 415 కిలోమీటర్ల రైలు మార్గం వేయించింది. 1942లో మొదలుపెట్టి 1943 అక్టోబరుకు పూర్తి చేశారు. యుద్ధ ఖైదీలు, ఆసియా కూలీలు వేలకు వేలు చచ్చిపోయారు. కొంత దూరం ఆ పట్టాల మీద ఇప్పటికీ రైలు తిరుగుతుంది.

మేము పోయినప్పుడు అమెరికా ఆయన స్మశానంలో వరసలన్నీ తిరిగాడు. బ్రిటన్, ఆస్ట్రేలియా, నెదర్లాండ్స్ వాళ్ళవి దాదాపు 7,000 సమాధులున్నాయి. అమెరికన్ల అవశేషాలను యుద్ధం తర్వాత వాళ్ళ దేశానికి తీసుకుపోయారు. మా గైడు ఆ మాట చెప్పాక ఆయన నెమ్మదించాడు. నేను వెతికింది వేరే. మలయా రబ్బరు తోటల నుంచి మన దక్షిణాది కూలీలను, ఎక్కువగా తమిళులను, ఆ పనికి తరలించారు. వాళ్ళకు అలా పేరు చెక్కిన రాళ్ళ వరసలు లేవు. ఆ రోజు సాయంత్రం బస్సులో మైకు నా దగ్గరికి వస్తే వద్దన్నాను. ఎవరూ ఒత్తిడి చేయలేదు.

*

అక్కా, మాకు వనామీ రొయ్యల గుంటలున్నాయి. మేత కంపెనీ తరఫున ఒక అమెరికన్, నలుగురు థాయ్ టెక్నీషియన్లు వారం రోజులు వస్తున్నారు. ఆదివారం ఎక్కడికి తీసుకుపోవాలి, ఏం పెట్టాలి? 
— ఒక రైతు, సింగరాయకొండ

ఇప్పటిదాకా వాళ్ళ ఊళ్ళో మనం, ఇప్పుడు మన ఊళ్ళో వాళ్ళు. బాగుంది.

థాయ్ వాళ్ళు ఎక్కువమంది బౌద్ధులు. దొనకొండ దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున చందవరం స్తూపం ఉంది, శాతవాహనుల కాలం నాటిది. అక్కడ దొంగిలించిన శిల్పం ఒకటి ఆస్ట్రేలియా మ్యూజియం దాకా పోయి 2016లో మన దేశానికి తిరిగొచ్చింది. దూరం కాబట్టి తెల్లారకముందే బయల్దేరండి. గుట్ట మీద నీడ తక్కువ, గొడుగులు పెట్టుకోండి. మీ అమెరికన్ ఎండలో నిలబడతాడు, థాయ్ వాళ్ళు నిలబడరు. చలికాలమైతే ఇంకో దారి ఉంది. నెల్లూరు దాటి సూళ్ళూరుపేట దగ్గర నేలపట్టుకు తీసుకుపోండి. చెట్ల మీద గూడబాతులు, పక్కనే పులికాట్‌లో ఫ్లెమింగోలు. టెలిఫోటో కెమెరా ఉన్నవాళ్ళు ఇంక కదలరు.

భోజనానికి నెల్లూరు చేపల పులుసు పెట్టండి, మామిడికాయ వేసింది, ముందురోజు రాత్రే వండింది. పులుపు, కారం రెండూ కలిసిన రుచి థాయ్ వాళ్ళకు కొత్తకాదు, రెండోసారి అడుగుతారు. అమెరికన్‌కు పక్కన గడ్డ పెరుగు పెట్టండి. నీళ్ళు తాగితే కారం తగ్గదని ఎవరైనా చెప్పాలి పాపం. మీ ఇంట్లో ఎటూ వండరనుకోండి, కానీ హోటల్లోనైనా గొడ్డుమాంసం అడక్కుండా తెప్పించకండి, థాయ్ వాళ్ళలోనూ కొందరు తినరు. ఆకు వేసి చేత్తో తినమంటే సంతోషంగా తింటారు, జిగురన్నం వాళ్ళు చేత్తోనే కదా తినేది. గుమ్మంలో చెప్పులు మీరు చెప్పకముందే విప్పుతారు. వాళ్ళ తల మీద సరదాకైనా చెయ్యి వేయకండి, కాళ్ళు వాళ్ళవైపు చాపి కూర్చోకండి.

మాటలకు కరువుండదు. వనామీ మన రొయ్య కాదు, పసిఫిక్ తీరానిది, మన దేశంలో 2009లో అనుమతించారు. తల్లి రొయ్యలు హవాయి నుంచి కూడా వస్తాయి, అంటే అమెరికా ఆయన పుట్టింటి సరుకు. 2012, 2013లలో థాయ్ గుంటల్లో పిల్ల రొయ్యలు వేసిన నెలలోపే చచ్చిపోయాయి. ఆ ఈఎంఎస్ (ఎర్లీ మోర్టాలిటీ సిండ్రోమ్) జబ్బుకు కారణమైన బ్యాక్టీరియాను 2013లో అమెరికాలో అరిజోనా విశ్వవిద్యాలయం వాళ్ళు పట్టుకున్నారు. ఆ రోజుల్లో గుంటలు ఎట్లా ఎండబెట్టారో, మళ్ళీ ఎప్పుడు పిల్ల వేశారో ఆ నలుగురినీ అడగండి. కంపెనీ మీటింగులో చెప్పరు. పులుసు తిన్నాక చెప్తారు. మీరు కూడా మీ గుంటలో తెల్లమచ్చ జబ్బు వచ్చిన సంగతి దాచకుండా చెప్పండి, లేకపోతే వాళ్ళూ ‘అంతా ఓకే’ అనే పోతారు.

బిల్లు మీరే కట్టండి, మీరు పిలిచారు కాబట్టి. అమెరికన్ పర్సు తీస్తే ‘తర్వాత చూద్దాం’ అనండి. పోయేటప్పుడు మలైకాజా డబ్బాలు ఐదు కాదు, పది ఇవ్వండి, వాళ్ళ ఆఫీసులో పంచుకోవాలి. గుట్ట దగ్గరైనా, హోటల్ ముందైనా ఫోటోలకు అదనంగా గంట వేసుకోండి, డ్రైవరుకు ముందే చెప్పి పెట్టండి.